పటం కట్టించిన రోజులు

బిలాస్‌పూర్ బుధవారీ బజారులో ఈమధ్య ఓ రిటైర్డ్ రైల్వే ఉద్యోగి పాత చీరలో చుట్టిన లక్ష్మీదేవి పటాన్ని చంకన పెట్టుకుని మూడు దుకాణాలు తిరిగారు. పటం అద్దం ఒక మూల పగిలింది. కింది చెక్కకు చెదలు పట్టాయి. లోపలి బొమ్మ మాత్రం రంగు కాస్త వెలిసినా నిండుగానే ఉంది. ఆయన అడిగింది చిన్న పని. కొత్త అద్దం వేసి, కింది చెక్క మార్చి, అదే బొమ్మను మళ్ళీ కట్టివ్వాలి.

మొదటి దుకాణంలో కుర్రవాడు సెల్‌ఫోన్‌తో బొమ్మకు ఫొటో తీసి, దీన్ని కంప్యూటర్లో శుభ్రం చేసి సాయంత్రానికల్లా కొత్త ప్రింటు, కొత్త ఫ్రేము ఇస్తానన్నాడు. రెండో దుకాణంలోనూ అదే మాట. మూడో ఆయన పటాన్ని వెనక్కి తిప్పి, మేకుల వరస మీద వేలితో రాసి, "ఇది విప్పేవాళ్ళు ఇప్పుడు లేరండీ" అని హిందీలో చెప్పి జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

ఆ ముగ్గురినీ తప్పుపట్టడానికి లేదు. వాళ్ళకు వచ్చిన పని వాళ్ళు చేస్తామన్నారు. పాత బొమ్మను విప్పి, తుడిచి, అదే కాగితాన్ని మళ్ళీ నిలబెట్టే పని మాత్రం బజారులోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోయిన సంగతి కూడా పటం పగిలిన రోజునే ఆ పెద్దాయనకు తెలిసింది.

తెలుగులో ఈ పనికి చక్కని మాట ఉంది: పటం కట్టడం. పందిరి కట్టినట్టు, దండ కట్టినట్టు, ఇల్లు కట్టినట్టు బొమ్మకు కూడా కట్టడమే. పనికిరాని కాగితం గురించి "పటం కట్టి గోడకు తగిలించుకో" అని ఎగతాళి చేయడం ఇప్పటికీ వినిపిస్తుంది. మాట మిగిలింది, కట్టే చేయి పోయింది.

రైలు వెంట వచ్చిన బొమ్మలు

బిలాస్‌పూర్‌లో తెలుగు గోడల కథ రైలు పట్టాలతో మొదలవుతుంది. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా దాని ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. ఆ దారిలో అర్పా నది పక్కనున్న బిలాస్‌పూర్ పెద్ద జంక్షన్ అయింది. వాల్తేరు, విజయనగరం వైపు కూడా అదే కంపెనీ రైళ్ళు నడిచాయి. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ మార్గం కొండల మీదుగా పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య దూరం ఒక రాత్రి, ఒక పగలు లెక్కకు వచ్చింది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనుషులు ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా, పాయింట్స్‌మెన్‌గా, ఫైర్‌మెన్‌గా, గుమాస్తాలుగా వచ్చారు. ముందు అన్న వచ్చేవాడు, వెనక తమ్ముడు వచ్చేవాడు, ఆ వెనక బావమరిది. 1944లో కంపెనీ ప్రభుత్వ చేతికి వచ్చింది, 1955లో ఆగ్నేయ రైల్వే అయింది, 2003 నుంచి బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. ఇన్ని పేర్లు మారినా పాత తరం నోట మాత్రం అది చివరిదాకా "బీయన్నారే".

క్వార్టరు ప్రభుత్వానిది. గోడ సున్నం ప్రభుత్వానిది, తలుపు రంగు ప్రభుత్వానిది. బదిలీ కాగితం వస్తే వారంలో ఖాళీ చేయాలి. అలాంటి ఇంట్లో మనదని చెప్పుకోవడానికి మిగిలేది వంటింటి వాసన, గోడమీది పటం. అందుకే సామాను దింపగానే ఆడవాళ్ళు ముందు దేవుడి మూల చూసుకునేవాళ్ళు. మగవాళ్ళు సుత్తి అడిగి తెచ్చుకునేవాళ్ళు.

బొమ్మలు ప్రయాణాల్లో వచ్చేవి. రైల్వే పాసు మీద ఏడాదికోసారి ఊరికి, తీర్థానికి వెళ్ళడం ఉండేది. సింహాచలం వెళితే అప్పన్న బొమ్మ, అరసవిల్లి వెళితే సూర్యనారాయణమూర్తి, పూరీ వెళితే జగన్నాథుడు. బిలాస్‌పూర్ నుంచి తిరుపతికి నేరుగా రైలు పడ్డాక వేంకటేశ్వరుడు ప్రతి ఇంటికీ వచ్చాడు. కాగితం బొమ్మను గొట్టంలా చుట్టి, పైన వార్తాపత్రిక చుట్టి, దారం కట్టేవాళ్ళు. దాన్ని సామానులో పెట్టేవాళ్ళు కాదు. నలిగితే దోషం. రాత్రంతా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ, కిటికీ పక్క కొక్కేనికి వేలాడుతూ ఆ గొట్టం బిలాస్‌పూర్ చేరేది. మర్నాడు పెద్ద కొడుకుకి పురమాయింపు: "పోయి పటం కట్టించుకురా."

బొమ్మ ఎక్కడ పుట్టింది

ఆ బొమ్మలకు చాలా పెద్ద వంశం ఉంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టాడు. నూనె రంగుల్లో వేసిన లక్ష్మిని, సరస్వతిని ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున రాళ్ళ మీదికి ఎక్కించి, ఒకదానిమీద ఒకటిగా అచ్చు వేసి, పైన వార్నిష్ పూసేవాళ్ళు. రాజుల దర్బారుల్లో ఉండే బొమ్మ గుమాస్తా ఇంటి గోడకు దిగింది అప్పుడే. ఆ ప్రెస్సు తరువాత లోనావలా దగ్గరి మాలవలీకి తరలింది. ఒక జర్మన్ సాంకేతికుడి చేతికి వెళ్ళింది. చివరికి 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ఆ తరువాతి తరం బొమ్మలు శివకాశివి. కోవిల్‌పట్టిలో స్థిరపడ్డ కొండయ్య రాజు నాటక కంపెనీలకు తెరలు రాసిన చిత్రకారుడు. ఆయనా, ఆయన శిష్యులూ వేసిన దేవుళ్ళు క్యాలెండర్ల మీదికెక్కి దేశమంతా తిరిగారు. బట్టల కొట్టువాడు, కిరాణావాడు ఇచ్చిన క్యాలెండరు డిసెంబరు దాటగానే తేదీల కట్ట ఊడేది. పైనా కిందా ఉన్న రేకుపట్టీ కత్తిరిస్తే మిగిలేది పటానికి సరిపోయే బొమ్మ. డబ్బు పెట్టి బొమ్మ కొనలేని ఇంట్లో కూడా నాలుగు పటాలు ఉండేవంటే కారణం ఇదే.

పటం కట్టే పనికీ బొమ్మ అచ్చువేసే పనికీ మధ్య గోడ చాలా పల్చన. దేశంలో పేరున్న బొమ్మల సంస్థ బ్రిజ్‌బాసీ అసలు మొదలైంది కరాచీలో పటాలు కట్టే దుకాణంగా. కట్టడానికి వచ్చే బొమ్మల గిరాకీ చూసి వాళ్ళే బొమ్మలు గీయించి, జర్మనీలో అచ్చు వేయించి అమ్మడం మొదలుపెట్టారు. ఏ బొమ్మ ఇంటింటికీ వెళుతుందో దుకాణదారుకన్నా ముందు తెలిసేది పటం కట్టేవాడికే.

తెలుగిళ్ళలో ఇంకో దారి కూడా ఉండేది: పత్రికలు. వడ్డాది పాపయ్యది శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళకు సొంత ఊరివాడు. "వపా" అని చిన్న సంతకంతో ఆయన వేసిన చందమామ, యువ ముఖచిత్రాలను బ్లేడుతో జాగ్రత్తగా కోసి దాచుకునేవాళ్ళు. వాటిలో మంచివి పటాలయ్యేవి. పసుపు మబ్బుల వెనక నీలి కొండలు, చెట్టు కింద నిలబడ్డ అమ్మాయి. దేవుడు కాని బొమ్మ ముందు గదిలోకి రావడానికి వపా చాలా ఇళ్ళలో తలుపు తీశాడు. తరువాత బాపు బొమ్మ వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ఎండలో, బొగ్గు నుసిలో పెరిగే పిల్లలకు తాతల ఊరి పచ్చదనం తెలిసింది ఆ కాగితం మీదే.

కొట్టులో చప్పుళ్ళు

పటాల కొట్టు అంటే వీధిలోకి తెరిచిన ఒక చిన్న గది. గోడ నిండా చెక్కల నమూనాలు, మూల తిరిగిన ముక్కలుగా మేకులకు వేలాడేవి. నల్లది, గోధుమరంగుది, బంగారు గీత ఉన్నది, లతల చెక్కుడు ఉన్నది. పెళ్ళి ఫొటోకు బంగారు గీత, దేవుడికి చెక్కుడు పని, పోయినవాళ్ళకు సన్నని నల్లచెక్క. ఇది ఎవరూ రాసి పెట్టిన నియమం కాదు. అయినా కొట్టువాడు ఫొటోలో మొహం చూసి ఏ ముక్క తీయాలో ఊహించేవాడు.

కొలత అంగుళాల్లో, సూత్‌లలో. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇనుప బద్దతో కొలిచి, చెవి మీది పెన్సిల్ తీసి, చెక్కమీద గీత గీసేవాడు. తరువాత చెక్కను ఒక తొట్టిలాంటి దిమ్మలో పెట్టేవాడు. ఆ దిమ్మ రెండు వైపులా ఏటవాలుగా కోసిన సందులు ఉండేవి. వాటిలో రంపం పెట్టి లాగితే చెక్క సరిగ్గా నలభై అయిదు డిగ్రీల కోణంలో తెగుతుంది. నాలుగు చెక్కలకు ఎనిమిది కోతలు. ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా నాలుగో మూల కలవదు. సన్న పళ్ళ రంపం చేసే గరగర, మధ్యలో రంపపు పొట్టు ఊదేసే "ఫూ", మళ్ళీ గరగర. ఎదురు బల్లమీద కూర్చున్న కుర్రాడికి గంటసేపు ఇదే సంగీతం.

మూలలు అతకడానికి సరేస్ జిగురు. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన గడ్డలను నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించేవాళ్ళు. కొట్టుకు యాభై అడుగుల దూరంలోనే ఆ వాసన తెలిసిపోయేది. జిగురు రాసిన మూలల్ని కలిపి, చుట్టూ తాడు బిగించి, తాడులో పుల్ల దూర్చి మెలిపెడితే నాలుగు మూలలూ ఒకేసారి దగ్గరకొచ్చేవి. అప్పుడు పక్కల నుంచి సన్న మేకులు. టక్, టక్, టక్. మేకు తల లోపలికి దిగాక ఆ గుంటను రంపపు పొట్టు కలిపిన జిగురుతో పూడ్చేవాడు.

అసలు విద్య అద్దం దగ్గర. చక్రం ఉన్న కోతపనిముట్టును కిరోసిన్‌లో ముంచి, బద్ద ఆనించి, ఒక్క లాగు. రెండోసారి గీస్తే అద్దం పాడవుతుంది. ఆ కిర్రుమనే శబ్దం మధ్యలో ఆగకూడదు. ఆగితే కోత అక్కడే వంకర పోతుంది. తరువాత అడుగు నుంచి చిన్నగా తట్టి, బల్ల అంచున పెట్టి రెండు చేతులతో వంచితే "టిక్" అని విరిగేది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేది ఈ ఒక్క క్షణమే. ఆనాటి అద్దంలో చిన్న చిన్న బుడగలు, అలలు ఉండేవి. ఏటవాలుగా చూస్తే దేవుడి మొహం కొద్దిగా కదిలినట్టు అనిపించేది.

సుద్దపొడి చల్లి, వార్తాపత్రిక ముద్దతో రుద్దితే అద్దం మెరిసేది. చెక్క గాడిలో ముందు అద్దం, దాని మీద బోర్లా బొమ్మ, వెనక అట్ట లేదా పల్చని చెక్క. ఖాళీ టీ పెట్టెల పలకలు ఇందుకు బాగా పనికొచ్చేవి. చుట్టూ చిన్న మేకులు పడుకోబెట్టి కొట్టి, అంచుల మీద మైదా జిగురుతో బ్రౌన్ పేపరు అంటించేవాళ్ళు. ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్ళు. తెలుగు అమ్మ మైలుతుత్తం అనేది, కొట్టువాడు నీలాతోథా అనేవాడు. ఇద్దరూ ఒకే నీలం పొడి గురించే మాట్లాడుకున్నారు. చివర రెండు ఇనుప కడియాలు, తీగ. పటం సిద్ధం.

క్వార్టర్ల వరసలో కూడా ఈ పని చేసేవాళ్ళు ఉండేవాళ్ళు. పనుల ఇన్‌స్పెక్టరు కింద వడ్రంగి ఖలాసీగా పగలంతా తలుపులు, బెంచీలు బాగుచేసి వచ్చి, సాయంత్రం వరండాలో చాప పరిచి ఇరుగుపొరుగు పటాలు కట్టేవాళ్ళు. కూలి డబ్బుల్లోనే అని లేదు. ఒక పటానికి ఊరి నుంచి వచ్చిన బెల్లం, ఇంకో పటానికి పండుగ అరిసెలు.

గోడమీది ఇల్లు

పటాన్ని గోడకు అతుక్కునేలా తగిలించేవాళ్ళు కాదు. పైన తీగ మీద వేలాడదీసి, కింద రెండు మేకుల మీద ఆనించి, ముందుకు వాలేలా పెట్టేవాళ్ళు. అలా ఎందుకో ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. ఆ ఇళ్ళలో మనుషులు కింద కూర్చునేవాళ్ళు. భోజనం కింద, చదువు కింద, పూజ కింద. కింద కూర్చున్న మనిషికి దేవుడి మొహం కనబడాలంటే పటం వంగాలి. కిటికీ వెలుతురు అద్దం మీద మెరవకుండా ఉండాలన్నా వంగాలి. వెనక గాలి ఆడి వానాకాలపు చెమ్మ పట్టకుండా ఉండడానికి కూడా ఆ వాలు పనికొచ్చేది.

ఆ వాలు వెనక సందులో ఇంకో సంసారం. కరెంటు బిల్లు, రేషను కార్డు, ఊరి నుంచి వచ్చిన కార్డుముక్క, పిల్లలకు తెలియకూడని చిల్లర. వెంటిలేటరు లోంచి వచ్చిన పిచ్చుకలు ఆ సందులోనే గడ్డి పేర్చేవి. గూట్లో గుడ్లు ఉన్నాయంటే ఆ పటాన్ని పిల్లలు ఎగిరేదాకా కదపకూడదు. ఆ పండక్కి ఆ గోడకు సున్నం ఆలస్యం అయినా సరే.

గోడమీది వరసకు ఒక క్రమం ఉండేది. తూర్పు వైపు దేవుళ్ళు. ముందు గదిలో గాంధీ, నెహ్రూ, బోసు. ఆ పక్కన ఇంటి ఆడపిల్ల బడిలో కుట్టిన రెండు చిలకలు, కింద "వెల్‌కమ్" అన్న అక్షరాలు. ఉద్యోగ విరమణ రోజున తీయించిన గ్రూపు ఫొటో. మందమైన బూడిదరంగు అట్టమీద అతికించి, కింద వరసల వారీగా పేర్లు రాయించిన ఆ ఫొటోలో ఇంటి పెద్ద మెడలో బంతిపూల దండతో కుర్చీలో మధ్యన ఉంటాడు. ఆ అట్టనే మౌంటు అనేవాళ్ళు. పటాల పనిలో అది మర్యాదకు గుర్తు. బొమ్మ చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున ఖాళీ వదిలితే ఆ బొమ్మకు గౌరవం వస్తుందని అప్పటి వాళ్ళు ఎక్కడా చదవకుండానే తెలుసుకున్నారు.

శుక్రవారం తడిబట్టతో పటాలు తుడిచి, అద్దం మీద పసుపు, కుంకుమ బొట్టు. సోలాపురి మాత అనే అమ్మవారి పూజల రోజుల్లో, సంక్రాంతికి, దసరాకు పటాలన్నీ దిగేవి. వాటిని వరసగా మంచంమీద పరిస్తే ఇల్లంతా ఒక్కసారి బోసిపోయేది. పిల్లలు ఖాళీ గోడను చూసి ఇల్లు మారుతున్నామేమో అని అడిగేవాళ్ళు.

నిజంగా మారే రోజున ముందుగా మూటకట్టేదీ పటాలనే. అద్దం అద్దానికి ఎదురుగా పెట్టి, మధ్యలో చీర మడత, పైన బొంత. రాయగఢ్‌కో, షహడోల్‌కో బదిలీ అయితే మిగతా సామాను వ్యాగనులో, పటాల మూట మాత్రం మనిషితో పాటు రైలు పెట్టెలో వెళ్ళేది.

పటం వెనక దొరికింది

బుధవారీ బజారు నుంచి తిరిగొచ్చిన ఆ పెద్దాయన చివరికి ఇంట్లోనే పటం విప్పారు. వరండాలో పాత దుప్పటి పరిచి, మేకులు ఒక్కొక్కటిగా కటింగ్ ప్లేయరుతో లాగారు. బ్రౌన్ పేపరు పొడి పొడిగా రాలింది. టీ పెట్టె పలక కింద, బొమ్మకు ఆనుకుని, మడత పెట్టిన తెలుగు వార్తాపత్రిక పేజీ కనబడింది. ఊరి నుంచి బొమ్మను చుట్టి తెచ్చిన కాగితం అయి ఉండాలి. కట్టేవాడు దాన్ని పారేయకుండా మెత్తగా ఉంటుందని వెనక వేశాడు. మనవలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. హిందీ బడిలో చదివిన ఆ పిల్లలు అక్షరాలను బొమ్మల్లా చూశారు. ఆయన వాళ్ళకు ఒక సబ్బు ప్రకటన, ఒక నాటకం వార్త చదివి వినిపించారు.

అదే పేజీ ఆ బొమ్మకు శత్రువు కూడా. వార్తాపత్రిక కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆనుకుని ఉంటే పక్క కాగితాన్ని గోధుమరంగుకు తిప్పేస్తుంది. లక్ష్మీదేవి బొమ్మ వెనక మడతల గీతలు నిలువునా అచ్చు దిగి ఉన్నాయి. అడుగున, ప్రతి శుక్రవారం తుడిచిన తడి అద్దం అంచున దిగి చేసిన అలలాంటి మరక. ప్రేమగా చేసిన పనులే కాగితాన్ని తిన్నాయి.

పాత పద్ధతిని మెచ్చుకునేటప్పుడు ఇది దాచకూడదు. మైలుతుత్తం కలిపినా మైదా జిగురు వాసనకు పురుగులు వచ్చేవి. బొమ్మ నేరుగా అద్దానికి తగలడం వల్ల వానాకాలంలో రంగు అద్దానికి అతుక్కునేది. తీయబోతే అమ్మవారి చెంప అద్దంతో పాటు ఊడొచ్చేది. ఎండ పడే గోడమీద ఎరుపు, పసుపు ముందు వెలిసిపోయి నీలం ఒక్కటే మిగిలేది. అన్నిటికన్నా పెద్ద తప్పు కత్తెరది. చెక్కకు సరిపోవాలని బొమ్మ అడుగు అంచును కోసేసేవాళ్ళు. ప్రెస్సు పేరు, చిత్రకారుడి పేరు అచ్చయ్యేది ఆ అంచులోనే. ఆ బొమ్మ మాలవలీదా, శివకాశిదా అని ఇవాళ ఎవరైనా తేల్చుకోవాలంటే ఆధారం ఆ తెగిపోయిన అర అంగుళంలో పోయింది.

లాభనష్టాలు

మార్పు ఒక్క రోజున రాలేదు. తొంభైలలో దేశంలోనే ఫ్లోట్ అద్దం తయారీ మొదలైంది. గుజరాత్‌లోని అంకలేశ్వర్ కర్మాగారం 1993లో పని ప్రారంభించింది. అలలు, బుడగలు లేని అద్దం చవకగా దొరికింది. టేకు ధర అందనంత ఎత్తుకు వెళ్ళింది. ప్లాస్టిక్ చెక్కలు వచ్చాయి. వాటికి చెద పట్టదు, చెమ్మకు వంగవు, బరువు తక్కువ. కాలితో తొక్కితే మూలకు మేకు దిగే యంత్రం వచ్చింది. రంపపు దిమ్మ, సరేస్ గిన్నె మూలన పడ్డాయి. గంట పని పది నిమిషాలకు వచ్చింది. ఆ తరువాత డిజిటల్ ప్రింటు, ఫ్లెక్సు, లోపల దీపం వెలిగే దేవుడి ఫ్రేములు.

ఇందులో లాభం నిజమైనదే. పెళ్ళిలో ఒకే ఒక్క ఫొటో ఉన్న ముసలమ్మ మొహాన్ని పెద్దది చేసి, చిరుగు మాయం చేసి, మనవడి చేతిలో పెట్టగలుగుతున్నది ఈనాటి దుకాణమే. వేలి చివర అద్దం ముక్కలు గుచ్చుకుంటూ, రంపపు పొట్టు పీలుస్తూ, రోజుకు నాలుగు పటాలు కట్టిన మనిషి తన కొడుకును ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టకుండా చదివించుకున్నాడు. ఆ కొడుకు అక్కడ లేనందుకు బాధపడడం న్యాయం కాదు. ఆమ్లం లేని అట్ట, ఎండ కిరణాలను ఆపే అద్దం ఇవాళ పెద్ద ఊళ్ళలో దొరుకుతున్నాయి. పాతవాళ్ళకు అవి లేవు.

నష్టం ఎక్కడంటే, బాగుచేయడంలో. పాత పటం విప్పగలిగేలా ఉండేది. మైదా జిగురు తడికి వదిలేది, సరేస్ జిగురు వేడికి వదిలేది, మేకు లాగితే వచ్చేది. కట్టినవాడే మళ్ళీ విప్పగలడు, అద్దం మార్చగలడు. ఈనాటి ఫ్రేముల్లో చాలావాటిలో బొమ్మను గట్టి అంటుతో బోర్డుకు పూర్తిగా అతికించేస్తున్నారు. అది ఇక కాగితంగా బయటికి రాదు. పాడైతే పారేసి ఇంకోటి తీసుకోవాలి. సింహాచలం కొండ కింద కొని, రాత్రంతా చేతుల మీద వచ్చి, అమ్మ ముప్పై ఏళ్ళు బొట్టు పెట్టిన ఆ ఒక్క కాగితం బదులు ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? కొత్త ప్రింటులో బొమ్మ వస్తుంది. ఆ ప్రయాణం రాదు.

బిలాస్‌పూర్ స్టేషనులో రవీంద్రనాథ్ ఠాగూర్ "ఫాంకి" కవితను ప్రయాణికులకు కనబడేలా పెట్టారు. ఆ కవితలో భార్యాభర్తలు రైలు మారడానికి ఇదే స్టేషనులో ఆగుతారు. ఊరిని ఓ మహాకవి తలుచుకున్నాడన్న సంతోషంతో రైల్వేవాళ్ళు ఆ మాటలను గోడకెక్కించారు. మంచి పని. అదే ఊళ్ళో, రైల్వే కాలనీ గోడల మీద మూడు తరాలు వేలాడిన బొమ్మలను గురించి కూడా ఎవరో ఒకరు తలుచుకోవాలి. ఉద్యోగ విరమణ చేసి కొందరు విశాఖకు, విజయనగరానికి వెళ్ళిపోతున్నారు. కొందరు తోర్వాలో, హేమూనగర్‌లో సొంత ఇళ్ళు కట్టుకున్నారు. ఆ ఇళ్ళ అటకల మీద ఇంకా చీరల్లో చుట్టిన పటాల మూటలు ఉన్నాయి.

అటక దించండి

ఆ పెద్దాయన లక్ష్మీదేవి మళ్ళీ గోడెక్కింది. అద్దాల దుకాణంలో అద్దం ఒక్కటే కోయించారు. కింది చెక్కను ఓ వడ్రంగి చేసిచ్చాడు. మిగతా చెక్కలు మూడూ పాతవే. రాయ్‌పూర్ నుంచి ఆమ్లం లేని అట్ట తెప్పించి, బొమ్మకూ అద్దానికీ మధ్య నాలుగు వైపులా సన్నని అట్టపట్టీ పెట్టి, గాలి ఆడేలా ఇంట్లోవాళ్ళే కట్టారు. వార్తాపత్రిక పేజీని పారేయలేదు. దాన్ని విడిగా ఒక ఫైలులో పెట్టారు.

మీ ఇంట్లోనూ అలాంటి మూట ఉంటే ఈ సెలవుల్లో ఒకసారి దించండి. అద్దం పగిలిందని బొమ్మను పారేయకండి. బయటి గోడకు, స్నానాల గది గోడకు, నేరుగా ఎండ పడే చోటుకు దాన్ని తగిలించకండి. వెనక ఉన్న వార్తాపత్రిక, మరకలు పట్టిన అట్ట తీసేసి మంచి అట్ట వేయండి. టేపుతోగానీ, తెల్ల జిగురుతోగానీ బొమ్మను అతికించకండి. బొమ్మ అద్దానికి అతుక్కుని ఉంటే బలవంతంగా లాగకండి, తెలిసినవాళ్ళకు చూపించేదాకా అలాగే ఉంచండి. తుడిచేటప్పుడు నీళ్ళు అద్దం మీద కాకుండా బట్టమీద చల్లండి. బొమ్మ అడుగున ప్రెస్సు పేరు మిగిలి ఉంటే కత్తెర తగలనివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా ఉండగానే అడిగి, ఆ బొమ్మ ఏ ఊళ్ళో కొన్నారో, ఏ క్వార్టరులో ఉండగా కట్టించారో, ఎవరి చేత కట్టించారో ఒక చీటీ మీద పెన్సిలుతో, తెలుగులో రాసి, పటం వెనక పెట్టండి.